ఇరవయ్యో పుల్ల

నువ్వు నమ్మవు బాబూ. ముందే సెప్తన్నాను. మా అమ్మ మీద ఒట్టు, మా ఆవిడ మీద ఒట్టు, నువ్వు నమ్మవు. ఇప్పటిదాకా నా జీపెక్కినోళ్ళందరికీ సెప్పినాను, ఒక్కడూ నమ్మనేదు. అయినా సెప్తాను. ఘాటీ దిగడానికి గంటన్నర పడతాది. మజ్జిలో దిగిపోతావా ఏటి?

మా జీలుగుబంద సలి గురించి ముందు సెప్పాలి. మీ పట్నంలో సలంటే ఫ్యాను ఆపీడం. మా కాడ సలంటే సలే. పొద్దున్నే ఆవుని పితికితే పాలు సెంబులోకి జారవు, పుల్లైసులాగ ఏలాడతాయి, ఇరుసుకోడమే. మా కోడి గుడ్ల మీద కూకుంటాదా, అది పిల్లల కోసం కాదు, గుడ్డు ఎచ్చగుంటాదని. ఒకపాలి నా సైకిలు పొగమంచుకి ఆనించి టీ తాగడానికి ఎల్లినాను. సూరీడొచ్చి మంచు ఇడిపోగానే దబ్బున కిందపడింది. ఇప్పటికీ దాని హేండిలు ఒంకరే. కావాలంటే సూపిస్తాను.

నాను సదూకున్నది రెండో తరగతి. మూడు కూడా సదివీసేవోణ్ణే. మంచులో బడి కనపడనేదు.

అలాంటి ఊరికి కిందనించి ఒక కొత్త మేష్టారొచ్చినాడు. పేరు నిరంజన్. శ్రీకాకుళం దాపుల ఊరు. పాతికేళ్ళుంటాయి. నా జీపులోనే ఎక్కించుకొచ్చినాను. దారంతా నాకు జీపెలా నడపాలో సెప్పినాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ ఘాటీలో నడుపుతన్నోడికి! పోనీలే, సిన్నోడు అనుకున్నాను.

మాట దురుసుగానీ మనసు మంచిది. వానాకాలం ఒచ్చినాడు కదా, ఆ నాలుగు నెల్లూ బడి తిరనాళ్ళలాగుండేది. ఒక్కటే గది, ఒక్కడే మేష్టారు, ఇరవైముగ్గురు గుంటలు. ఐదు తరగతులూ అందులోనే. ఈయనగారు మట్టితో ఏనుగుల్ని సేయించీవోడు, గుడ్డబొమ్మల్ని ఏళ్ళకి తొడిగి మాటాడించీవోడు, పాటలు పాడీవోడు. "సింగన్నా, చలైనా వానైనా నా బడి ఖాళీ అవదు. నాకు తెలిసినన్ని ఆటలు ఈ జిల్లాలో ఎవడికీ తెలియవు" అనీవోడు.

"అవునండి" అనీవోణ్ణి. నాకేటి పోయింది?

కార్తీకం దాటింది. కొండంతా వలిసిపూలు పచ్చగా పూసినాయి. సలి మొదలైంది.

ముందు ఇద్దరు మానినారు. తరవాత ఐదుగురు. తరవాత ఎంతమంది ఒస్తన్నారో లెక్కెట్టడం సులువైపోయింది. నలుగురు. ఆ నలుగురూ కూడా గోడకి ఆనుకుని నిద్దరోతన్నారు. మిగతావోళ్ళందరూ ఇళ్ళ ముందు సలిమంటల కాడ, పదకొండు దాకా కదలరు.

ఒచ్చిన నలుగురు మాత్రం ఏటి సదువుతారు? రెండో ఎక్కం సెప్పమంటే పళ్ళు టకటకా కొట్టుకుని "రెండొకట్ల రె రె రె రె రెండు" అంటన్నారు. పాపం మేష్టారు ఏ రెండు లెక్కెయ్యాలో తెలీక తలపట్టుకున్నాడు.

కానీ ఊరుకునే రకం కాదు. గుంటల్ని గెంతించి పాఠం సెప్దామనుకున్నాడు. బాగా గెంతినారు. ఒళ్ళు ఎచ్చబడింది. ఎచ్చబడగానే ఇళ్ళకి పారిపోనారు.

తరవాత కిందనించి ఇరవైమూడు కోతి టోపీలు తెప్పించినాడు. ఎర్రవి, నీలంవి, పచ్చవి. మర్నాడు సూస్తే ఊళ్ళో ముసిలమ్మలందరి నెత్తి మీదా అవే. గుంటలు ఎప్పట్లాగే బోడితలల్తో మంటల కాడున్నారు. ఒకరిద్దరు టోపీ ఎట్టుకుని బడికొచ్చినా, అది సెవులు మూసీసింది, పాఠం ఇనపడనేదు.

అప్పుడొచ్చింది కబురు. కింద ఆఫీసునించి పెద్దసారు ఒస్తన్నాడంట. వచ్చే బుధవారం, పొద్దున్న తొమ్మిదికి. ఇరవైమంది పిల్లలు కూకోనుంటే బడి ఉంటాది. ఇరవైకి తగ్గితే బడి మూసీసి, గుంటల్ని కింద పెద్దూరి బడిలో కలిపీస్తారంట.

కింద పెద్దూరంటే తొమ్మిది కిలోమీటర్లు. మజ్జిలో రెండు గెడ్డలు, మోకాల్లోతు నీళ్ళు. ఎవరెల్తారు?

కొర్రా సొమారి అని ఎనిమిదేళ్ళ గుంట ఉంది. అమ్మానాన్నా నేరు, అమ్మమ్మ పెంచతన్నాది. ఆ అమ్మమ్మ నాతో అన్నది, "బడి మూసీస్తే మా గుంటకింక మేకలే సింగన్నా. ఒక్కదాన్ని అంత దూరం పంపుతానా?"

ఆ మాట నిరంజన్ మేష్టారుకి సెప్పినాను. ఆ పూట ఆయన అన్నం తిననేదు. "మూడంకెల తీసివేతలు మొన్ననే పట్టుకుంది సింగన్నా. అప్పు తెచ్చుకోడం కూడా వచ్చేసింది దానికి" అన్నాడు.

మర్నాటికల్లా ఒక ఆలోచనొచ్చింది ఆయనకి. నా భుజం మీద కొట్టినాడు.

"వాళ్ళు మంట దగ్గర కూర్చుంటున్నారు కదా. మంటే బడికి తెచ్చేస్తే?"

"భలే" అన్నాను.

జీపునిండా కట్టెలు తెచ్చినాను. ఆ కట్టెలతో ఒక ఇల్లు కట్టీవొచ్చు. సోమారం పొద్దున్న ఏడింటికి బడి ముందు మంటెట్టినాడు. ఎలాంటి మంటనుకున్నావు! దాని ఎలుగుకి పక్క కొండమీదోళ్ళు పడమట సూరీడు పుట్టినాడని దండాలెట్టినారు. అసలు సూరీడు కూడా తూర్పునించి సగం పైకొచ్చి, ఇక్కడ నాతో పనేటుందని కాసేపు ఆగిపోనాడు. నాను కళ్ళారా సూసినాను.

గుంటలొచ్చినారు. ఇరవైముగ్గురూ ఒచ్చినారు. ఒచ్చి, బడి పిట్టగోడ బయటే నిలబడిపోనారు.

"రండర్రా! మీకోసమే!" అని పిలిసినాడు మేష్టారు.

ఒక్కడూ కదల్నేదు. సంకల్లో సేతులెట్టుకుని వణుకుతా మంటకేసి సూస్తన్నారు.

"ఇదంతా మీదేరా! ఎవ్వరూ ఏమీ అనరు. వచ్చి కూర్చోండి!"

సొమారి ఇలగ తలూపి, "మంట బాగుందండి మేష్టారండీ" అన్నది. గట్టిగా, పెళ్ళికెల్లినోళ్ళు పందిరి బాగుందన్నట్టు. ఎనక్కి తిరిగి ఎల్లిపోనాది. దానెనకే అందరూ.

మేష్టారు ఆ పెద్ద మంట ముందు ఒక్కడే నిలబడిపోనాడు.

ఎందుకెల్లిపోనారో నాకు తెలీదా అంటావా? తెలుసు. మా ఊళ్ళో పుట్టినోడెవడికైనా తెలుసు. కానీ అన్నం తినాలంటే నోరు తెరవాలని ఎవడైనా ఎవడికైనా సెప్తాడా? అంత తెలిసిన సంగతి. అందుకే నా బుర్రకి తట్టనేదు. అదీగాక సలికాలం నా బుర్ర జీపు డిక్కీలో దుప్పటి కింద దాసుకుంటాను, పాడవకుండా.

"ఈ పిల్లలు రాళ్ళు సింగన్నా" అన్నాడు మేష్టారు. "ఇంక రెండ్రోజులే ఉంది."

"బొంజుబాబు మేష్టారి కాడికి పోదామా?" అన్నాను.

గెమ్మెలి బొంజుబాబు మేష్టారంటే పాతాయన. అదే గదిలో ముప్పై సలికాలాలు పాఠం సెప్పి, రిటైరై, పక్క కొండ మీద రాజ్మా పండించుకుంటన్నారు. నాకూ ఆయనే గురువు. సెప్పినాను కదా, రెండో తరగతి దాకా.

మేం ఎల్లేసరికి ఆయన అరుగు మీద కూకుని రాజ్మా కాయలు ఒలుస్తన్నారు. నిరంజన్ మేష్టారు దండమెట్టి మొదలెట్టినాడు.

"మాష్టారూ, పాటలు పాడాను. గెంతించాను. బొమ్మలాట ఆడించాను. టోపీలిచ్చాను. ఆఖరికి మంట కూడా వేశాను. ఇంక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు."

"అన్నీ నువ్వే ఇచ్చినావా?"

"అన్నీ నేనే!"

"పెద్ద మనసే" అన్నారు బొంజుబాబు మేష్టారు. ఇంకో కాయ ఒలిసినారు.

"మీరు ముప్పై చలికాలాలు నడిపారట కదా. ఏ ఆట ఆడించేవారు? నాకు తెలియనిదేదైనా ఉంటే నేర్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నాకు ఆటలు రావు బాబూ."

"పోనీ పాటలు?"

"గొంతు బాగోదు."

"అది మాత్రం నిజమండి, నాను ఇన్నాను" అన్నాను నాను.

పెద్దాయన నాకేసి సూసినారు. "సింగన్నా, ఏడో ఎక్కం ఒచ్చిందేటిరా నీకు?"

జీపు టైర్లలో గాలుందో నేదో సూసుకోడానికి ఎల్లిపోనాను.

తిరిగొచ్చేసరికి ఆయన సేటలో గింజలు ఎత్తుతా అంటన్నారు, "రేపొద్దున్న నాను ఒస్తాను. ఎప్పట్లాగే మంటెయ్యి."

"ఇంకా పెద్దది వెయ్యనా?"

"నీ ఇష్టం."

మంగళారం పొద్దున్న మంట ఇంకా పెద్దదైంది. దాని సెగకి బడి గోడ మీద గాంధీతాత బొమ్మకి సెమట పట్టింది. నమ్ము, నమ్మకపో.

గుంటలు ఎప్పట్లాగే పిట్టగోడ బయట. ఇరవైమూడు ముక్కులు కారతన్నాయి.

బొంజుబాబు మేష్టారొచ్చినారు. గుంటలకేసి సూడనేదు. నిరంజన్ మేష్టారుకేసీ సూడనేదు. తిన్నగా మంట కాడికెల్లి, ఒక పెద్ద దుంగని బయటికి లాగీసి, మట్టిలో దొర్లించినారు. తరవాత ఇంకోటి. ఇంకోటి.

"మాష్టారూ! ఏం చేస్తున్నారు! ఆరిపోతుంది!"

ఆయన లాగుతానే ఉన్నారు. అన్ని దుంగలూ అయిపోనాయి. ఆఖరికి అరసెయ్యంత నిప్పు మిగిలింది. దాని ముందు గొంతుక్కూకున్నారు. పైపంచ తలకి సుట్టుకున్నారు. సేతులు నిప్పు మీద పెట్టి, ఒణకడం మొదలెట్టినారు.

ముసిలి ఒళ్ళు ఒణకతానే ఉంది.

నిప్పు ఎర్రగా ఉన్నది బూడిద రంగులోకి తిరుగుతన్నాది.

అప్పుడు పిట్టగోడ ఎనకాల గుసగుసలాడినారు. అందర్లోకీ సిన్నది, పాంగి బుడ్డి అని ఒకటో తరగతి గుంట, గోడ సందులోంచి దూరి ఒచ్చింది. సేతిలో ఎండిన వలిసి పుల్ల. సిటికినేలంత ఉంటాది. దాన్ని నిప్పు మీద ఎట్టి, పెద్దాయన పక్కన సతికిలబడింది.

పుల్ల అంటుకుంది.

అంతే! పిట్టగోడ కాడ ఒక్కడూ మిగలనేదు. ఊరి మీద పడినారు. ఒకడు కాఫీ కొమ్మ తెచ్చినాడు. ఒకడు మొక్కజొన్న బొండు. ఒకత్తి సీపురుకట్ట తిరగేసి దాని కర్ర ఊడబీక్కొచ్చింది, ఎనకాల అమ్మ అరుస్తానే ఉంది. కిల్లోవోళ్ళ ఇంటినించి నలుగురు గుంటలు కలిసి ఏకంగా నులకమంచం కోడు లాక్కొచ్చినారు. తాత ఇంకా ఆ మంచం మీదే ఉన్నాడు. మూడు కోళ్ళ మంచం మీద మజ్జాన్నం దాకా నిద్దరోనాడు, అది వేరే కథ.

ఎవరి పుల్ల ఆళ్ళు ఏసి, ఎవరి సోట్లో ఆళ్ళు కూకున్నారు. ఇరవైముగ్గురు. మంట మరీ పెద్దది కాదు, మరీ సిన్నది కాదు.

నిరంజన్ మేష్టారు నోరు తెరిసి నాకేసి సూసినాడు.

"మా ఊళ్ళో ఒట్టి సేతుల్తో ఎవరూ మంట కాడ కూకోరండి" అన్నాను. "సిగ్గు."

"మరి నాకు చెప్పలేదేం!"

"మీరు అడగనేదు కదండి."

ఆయనకి నా మీద కోపం రావాలి. రానేదు. అంత ఆనందంగా ఉన్నాడు. గబగబా లోపలికెల్లి సంచీ తెచ్చినాడు. రంగుల పటాలు తీసినాడు, గుడ్డబొమ్మలు ఏళ్ళకి తొడిగినాడు. రెండు నెలలు దాసుకున్న పాఠాలన్నీ ఒక్కసారి పైకొచ్చీసినాయి.

"చూడండర్రా, ఇది వేరు! ఇది కాండం! ఇది ఆకు! వేరు ఏం చేస్తుంది? నీళ్ళు పీలుస్తుంది! ఆకు ఏం చేస్తుంది? ఆహారం తయారు చేస్తుంది! ఎన్ని రకాల వేళ్ళు? రెండు రకాలు!"

అడుగుతన్నాడు, తనే సెప్తన్నాడు. సిలుక బొమ్మ అడుగుతాది, కోతి బొమ్మ సెప్తాది. రెండూ ఆయన సేతులే.

గుంటలు మర్యాదగా సూస్తన్నారు. కాసేపటికి ఒకడు ఆవలించినాడు. కిల్లోవోళ్ళ నలుగురూ ఒకరి మీద ఒకరు ఒరిగిపోనారు. సొమారి గోడకేసి సూస్తన్నాది. నిన్న గోడ బయట నిలబడినప్పుడు ఎలాగుందో దాని మొకం మళ్ళీ అలాగైపోనాది.

బొంజుబాబు మేష్టారు లేసినారు. పక్కకి దొర్లించిన దుంగల్లో అన్నిటికన్నా లావుదాన్ని ఎత్తినారు. ఆ వయసులో ఎలాగెత్తినారో ఆయనకే తెలియాలి. తెచ్చి, గుంటల పుల్లల మంట మీద తిన్నగా ఎట్టీసినారు.

పుల్లలు నలిగిపోనాయి. బుసబుసా పొగ లేసింది. మంట మాయమైపోనాది.

"అయ్యో! తాతా! మా పుల్లలు!" గుంటలందరూ ఒక్కసారే అరిసినారు. పాంగి బుడ్డి ఏడుపు ఎత్తుకున్నాది.

నిరంజన్ మేష్టారు మాట మజ్జిలో ఆగిపోనాది. సిలుక బొమ్మ ఒక సేతికి, కోతి బొమ్మ ఒక సేతికి. అలాగే నిలబడి పొగకేసి సూస్తన్నాడు.

పెద్దాయన దుంగని మెల్లగా పక్కకి దొర్లించినారు. గుంటలు మోకాళ్ళ మీద కూకుని ఉఫ్ ఉఫ్ అని ఊదినారు. బుగ్గలన్నీ బూరెలైపోనాయి. మంట మళ్ళీ లేసింది.



నిరంజన్ మేష్టారు కోతి బొమ్మ తీసీసినాడు. సిలుక బొమ్మ తీసీసినాడు. పటాలు సుట్టి సంచీలో ఎట్టీసినాడు. వచ్చి, సొమారికీ బుడ్డికీ మజ్జిన కాస్త సోటు సేసుకుని కింద కూకున్నాడు. కాలని పుల్ల ఒకటి తీసి, తిప్పి తిప్పి సూసి, వాసన సూసినాడు.

"ఇదే చెట్టుది? నాకు తెలీదు."

"ఉసిరి!" "కాదు, మద్ది!" "ఒరే ఉసిరి బెరడు అలగుంటాదేటిరా!" "మద్దే! మా తోటలోది!" "సార్ సార్, ఇలగివ్వండి!" "ఇది ఆరిపోడానికి ఎంతసేపు పడతాదో నాను సెప్తాను!" "కాఫీ పుల్లైతే ఇంకా ఎక్కువసేపు!" "ఏదీ, పందెం!"

ఆ గోలకి కొండమీద మంచు బెదిరిపోయి గంట ముందే ఇడిపోనాది. మజ్జాన్నం దాకా ఎవడూ ఇంటికి పోనేదు. నేల మీద బొగ్గుతో సెట్ల పేర్లు రాసినారు. ఏ పుల్ల ఎన్ని జానలో కొలిసినారు. ఏది ఎంతసేపు కాలిందో, దేనికన్నా ఎంత ఎక్కువో తీసివేతలు సేసినారు. సొమారి అప్పులు తెచ్చీసుకుంటన్నాది.

సాయంత్రం నిరంజన్ మేష్టారు నా జీపులోకి దుంగలన్నీ ఎత్తించి, ముసిలమ్మల ఇళ్ళకి పంపీసినాడు.

మర్నాడు బుధవారం. పెద్దసారుని ఘాటీ కిందనించి నానే ఎక్కించుకొచ్చినాను. ఉన్ని కోటు, మఫ్లరు, సేతులకి గ్లౌజులు, సంకలో ఒక పెద్ద పుస్తకం. దారంతా ఆయన పళ్ళ సప్పుడుకి నా ఇంజను సప్పుడు ఇనపడనేదు, గేర్లు అంచనా మీద ఏసినాను.

తొమ్మిదయ్యింది. దింపీసి, ఇంజను మీద సేతులెట్టుకుని పిట్టగోడ కాడే నిలబడినాను. మేష్టార్లిద్దరూ తెచ్చిన పుల్లల్తో మంట ఎలుగుతన్నాది, దాని సుట్టూ గుంటలున్నారు. ఒక పక్కన బొంజుబాబు మేష్టారు కూకున్నారు. గుంటల పుల్లలు అరుగు మీద వరసగా పేర్చున్నాయి. ముందు కొలిసి, తరవాత మంటలో ఎయ్యాలని నిన్ననే ఆళ్ళలో ఆళ్ళు రూలెట్టుకున్నారు.

కానీ నిరంజన్ మేష్టారు మొకం పాలిపోయుంది. నా కాడికొచ్చి సెవిలో అన్నాడు.

"పందొమ్మిది."

"అదేటండి! నిన్న ఇరవైముగ్గురు కదా!"

"కిల్లోవాళ్ళ నలుగురూ సంతకి పోయారు. అవ్వ తీసుకుపోయింది. ఈ రోజు బుధవారం సంతని నాకు గుర్తే లేదు."

"నాను మీసం గీసీసుకుని ఐదో తరగతిలో కూకోనా?"

నవ్వొచ్చింది ఆయనకి. కళ్ళల్లో నీళ్ళు కూడా ఒచ్చినాయి. "వద్దులే సింగన్నా. నీకు ఏడో ఎక్కం రాదు."

ఈలోగా పెద్దసారు సలికి తట్టుకోలేక గబగబా మంట కాడికెల్లిపోనాడు. గ్లౌజులు తీసి సేతులు సాపినాడు.

గుంటలందరూ ఆయన సేతులకేసి సూసినారు. ఒక్కడూ జరగనేదు.

"జరగండి బాబూ, కాస్త చోటివ్వండి" అన్నాడు సారు.

పాంగి బుడ్డి అన్నది, "మేష్టారండీ, ఈయన పుల్ల తేలేదండి."

పెద్దసారు ఒక్క గీత గీస్తే బడి ఉండదు. పోనీలే, పెద్దమనిషి, కూకోనియ్యండి అంటే అయిపోద్ది. నానైతే నా ఒళ్ళో కూకోబెట్టుకుందును.

నిరంజన్ మేష్టారు గుంటలకేసి సూసినాడు. పెద్దాయనకేసి సూసినాడు. పెద్దాయన మంటకేసి సూస్తన్నారు.

"సార్," అన్నాడు నిరంజన్ మేష్టారు, "ఏమీ అనుకోకండి. ఒక్క పుల్ల తెచ్చుకోవాలి."

"నేనా?"

"అవును సార్. అందరూ తెచ్చుకున్నారు."

పెద్దసారు ఆయన్ని ఎగాదిగా సూసినాడు. గుంటల్ని సూసినాడు. పందొమ్మిది మొకాలు, ఒక్కటీ కళ్ళు దించనేదు. ఏటనుకున్నాడో, మంచులోకి ఎల్లిపోనాడు.

ఐదు నిమిషాలు. పది నిమిషాలు. నిరంజన్ మేష్టారు గోళ్ళు కొరుక్కుంటన్నాడు. సారు నా జీపెక్కి ఎల్లిపోనాడేమోనని నాను కూడా ఎనక్కి తిరిగి సూసుకున్నాను.

మంచులోంచి ఒచ్చినాడు. మఫ్లరుకి పల్లేరు కాయలు, కోటు మోచేయి కాడ మట్టి. సేతిలో ఇంత పొడుగు కొమ్మ, ఆకుల్తో సహా. మొకంలో గర్వం!

"పచ్చిది!" అని ఒకే గొంతుతో అరిసినారు గుంటలు. "పొగొస్తాదండి! కళ్ళు మండతాయండి!"

"మరి ఇప్పుడెలా?" అన్నాడు సారు. నిజంగానే బెంగపడినాడు.

సొమారి ఆయన సేతిలోంచి కొమ్మ తీసుకుని ఆకులు తుంపి, "ఆరబెట్టాలండి. తెచ్చినారు కదా, అది సాలు. కూకోండి" అని జరిగింది. తీసుకెల్లి అరుగు మీద వరసలో ఆఖర్న ఎట్టింది. "ఏ సెట్టుదండి ఇది?"

"ఏమో. చెట్టుది."

ఎంత నవ్వినారని! "సిల్వరోకండి! కాఫీకి నీడకేస్తారండి! మీకు తెల్దా అండీ?"

"తెలీదు. చెప్పండి" అన్నాడు సారు.

ఇంకేటుంది. పందొమ్మిది మంది మేష్టార్లు, ఒక్క పెద్దసారు. ఆకు పైనెలగుంటాది, కిందెలగుంటాది, పచ్చి పుల్ల ఎన్నాళ్ళకి ఎండుతాది, గోరుతో గీకి ఎలాగ తెలుసుకోవాలి. జానతో కొలవమన్నారు. తప్పు కొలిసినాడు. మళ్ళీ కొలవమన్నారు. గంటైంది, గంటన్నరైంది. మఫ్లరు ఎప్పుడు తీసీసినాడో ఆయనకే తెలీదు.

అప్పుడు గుర్తొచ్చింది ఒచ్చిన పని. లేసి, తను తెచ్చిన పెద్ద పుస్తకం తెరిసి, అరుగు మీది పుల్లలు లెక్కెట్టినాడు.

"ఇరవై. సరిపోయింది."

కలం తీసి, ఎందుకైనా మంచిదని తలకాయలు కూడా లెక్కెట్టినాడు.

"పందొమ్మిది."

మళ్ళీ పుల్లలు. ఇరవై. మళ్ళీ తలకాయలు. పందొమ్మిది. నిరంజన్ మేష్టారు నోరు తెరిసి అబద్ధం మాత్రం సెప్పనేదు.

"పుల్లలు ఒకటెక్కువున్నాయి. ఎవరిదిది?"

పందొమ్మిది సేతులు ఒక్కసారే లేసి ఆయన్నే సూపించినాయి.

సారు సిల్వరోకు కొమ్మకేసి సూసినాడు. మట్టంటుకున్న తన మోచేయి సూసుకున్నాడు. మెల్లగా బొంజుబాబు మేష్టారి కాడికెల్లి, పక్కన గొంతుక్కూకున్నాడు.

"పెద్దవారు మీరు చెప్పండి. ఇప్పుడు ఎంతమందని రాయమంటారు?"

పెద్దాయన నిప్పు సర్దుతా అన్నారు.

"పుల్ల తెచ్చినోళ్ళందర్నీ రాయండి."

సారు రాసినాడు. నాను మెడ సాచి సూసినాను. నాకు అంకెలు ఇరవై దాకా బాగా ఒచ్చు.

అదిగో, మూతి తిప్పీసినావు! నాకు తెలుసు, నువ్వు నమ్మవు. సరే, కింద ఆఫీసుకెల్లి ఆ పుస్తకం తీయించుకో. ఆ బుధవారం పేజీలో ఇరవైకి ఒక్కటి తక్కువున్నా, ఎక్కువున్నా, ఈ ఘాటీ మొత్తం రివర్సులో ఎక్కిస్తాను, కళ్ళకి గంతలు కట్టుకుని మరీ. ఏదీ, నాను సెప్పింది అబద్ధమని ఒక్కటంటే ఒక్క రుజువు తే, సూద్దాం!